మోటారుబండి పొగగొట్టపు చప్పుడు

మోటారుబండి గలవారిలో మూడు తెగలవారిని మేము చూచుచున్నాము. బండి క్రిందనుండి వింత చప్పుడు వినబడగానే కిటికీ యద్దములు పైకెత్తి రేడియో శబ్దమును హెచ్చించువారు మొదటి తెగ. ఆ చప్పుడు ఎట్టిది, ఎప్పుడు పుట్టుచున్నది, ఎచ్చటనుండి వచ్చుచున్నది అని యొక్క నిమిషమైనను విచారింపక నేరుగా షెడ్డునకు బోయి "సైలెన్సరు మార్చివేయుము" అని చెప్పి, అడిగినంత డబ్బిచ్చి వచ్చువారు రెండవ తెగ. చక్కగానున్న సైలెన్సరును ఊడదీయించి, వీధియంతయు అదరునట్లు మ్రోగు గొట్టమును డబ్బిచ్చి తగిలించుకొనువారు మూడవ తెగ. లోకము మొదటివారిని సోమరులనియు, రెండవవారిని అమాయకులనియు, మూడవవారిని ఆకతాయులనియు వేఱువేఱు పేళ్లతో పిలుచును. మా దృష్టిలో మువ్వురి తప్పును ఒక్కటే. ఇంజను చెప్పుచున్న మాటను ఎవ్వరును వినుటలేదు. ఆ మాట తెలియుట కష్టము గాదు. హైస్కూలులో ధ్వనిని గుఱించిన పాఠము చదివిన బాలునకు అది తప్పక యర్థమగును. తెలియనందున పోవునది డబ్బు మాత్రమే యైనచో మేమీ వ్యాసము వ్రాయకపోయెడివారము. ఒక్కొక్కప్పుడు ప్రాణములే పోవును.

ముందుగా ఆరోగ్యముగానున్న బండి చప్పుడు ఎట్టిదో తెలిసికొనవలెను. పెట్రోలు ఇంజనులో ఇరుసు రెండు చుట్లు తిరుగునప్పటికి ఒక్కొక్క సిలిండరు ఒకమాఱు మండును. మండిన వాయువు వందలకొలది డిగ్రీల వేడితో, లోపలి ఒత్తిడితో, వాల్వు తెఱచుకొనగానే గొట్టములోనికి దూకును. ఆ దూకుటయే ఒక దెబ్బ. 1983 మొదలు 2014 వఱకు మన దేశమున తయారైన మారుతి 800 బండికి సిలిండర్లు మూడు. ఆ యింజను నిమిషమునకు 800 చుట్లు తిరుగుచు నిలకడగా నున్నప్పుడు గొట్టములో సెకనుకు 20 దెబ్బలు పడును. 3000 చుట్ల వేగమున 75 పడును. నాలుగు సిలిండర్ల బండికైనచో అదే వేగమున 100. ఇంత వడిగా బడు దెబ్బలు చెవికి విడివిడిగా వినబడక కలిసిపోయి యొక స్వరమగును. రేసు ఇచ్చినకొలది స్వరము పైకి పోవుటకు కారణ మిదియే. మూడు సిలిండర్లలో నొకటి మండకున్నచో ఆ స్వరములో కుంటితనము కలుగును. తాళము తప్పిన డోలును సంగీతము రానివాడు సైతము గుర్తించినట్లు, ఇంజను సంగతి తెలియనివాడును దానిని గుర్తింపగలడు.

ఈ దెబ్బలను మెత్తపఱచుటకే సైలెన్సరు. లోపల అఱలును చిల్లులు గల గొట్టములును ఉండును. వాయువు ఆ యఱలలో విప్పారి, ధ్వనితరంగములు గోడలకు దగిలి మఱలి, ఒకదాని నొకటి చాలవఱకు అణచుకొనును. అమెరికాలో రీవ్స్ అను సోదరులు 1897లో ఇట్టి సాధనమునకు పేటెంటు పొందిరి. అటుపిమ్మటను చాల కాలము బండ్లకు 'కటౌట్' అను మీట యొకటి యుండెడిది. దానిని లాగినచో వాయువు సైలెన్సరును తప్పించుకొని నేరుగా బయటికి వచ్చెడిది. కొంచెము బలము హెచ్చునను నమ్మకముతో ఆనాటివారు దానిని ఊరివెలుపల లాగెడివారు. ఊరిలోను లాగెడివారని వేఱుగ చెప్పనక్కఱలేదు. పట్టణములు చట్టములు చేసి దానిని మాన్పింపవలసి వచ్చెను. మూడవ తెగవారి పుట్టుక నిన్నటిది గాదని తెలియుటకై యీ మాట చెప్పితిమి.

ఇక వినుట యెట్లు? వైద్యులను చూడుడు. ఆస్ట్రియా దేశపు వైద్యుడు ఆవెన్‌బ్రుగ్గర్ రోగి ఛాతిపై వ్రేళ్లతో తట్టి ఆ ధ్వనినిబట్టి రోగమును గుర్తించు పద్ధతిని 1761లో ప్రకటించెను. ఆయన తండ్రి పూటకూళ్లయింటి యజమాని; పీపాలో సారాయము ఎంతవఱకున్నదో తట్టి తెలిసికొనుటను అచ్చటనే ఆయన చూచెనని చెప్పుదురు. 1816లో పారిసు నగరమున లెనెక్ కాగితమును గొట్టముగా చుట్టి రోగి యెదపై నుంచి వినెను. స్టెతస్కోపు అట్లు పుట్టినది. మంచి మెకానిక్కు నేటికిని ఈ రెండు పనులే చేయును. గొట్టమును రబ్బరు సుత్తితో తట్టును. పొడవైన స్క్రూడ్రైవరు పిడిని చెవికానించి, మొనను ఇనుముపై నుంచి వినును. వైద్యుడు నాడి చూచుటకు ముందే రోగిని "ఎప్పుడు వచ్చును? ఎచ్చట నొప్పి? ఏమి చేసినప్పుడు హెచ్చును?" అని యడుగును గదా. బండి నోరులేనిది గావున ఆ ప్రశ్నలకు బండిగలవాడే జవాబు తెచ్చుకొని షెడ్డునకు బోవలెను.

తెల్లవారి ఇంజను చల్లగానున్నప్పుడు ముందువైపున టిక్కు టిక్కుమని వినబడి, పది నిమిషములు నడిచిన పిమ్మట మాయమగు చప్పుడు ఒకటి కలదు. అన్నిటికంటె తఱచుగా నిర్లక్ష్యము చేయబడునది యిదియే. "వేడెక్కినచో అదియే పోవును" అని సంతోషించి యూరకుందురు. అది పోవుట యెట్లో ఆలోచింపవలెను. సిలిండర్లనుండి వాయువును చేర్చు మానిఫోల్డు అను ఇనుప శాఖ ప్రతిదినము ఎఱ్ఱగా కాగి మరల చల్లారుచుండును. ఇట్లు సాగుచు ముడుచుకొనుచు నుండుటచే కొన్నేండ్లకు దానిని బిగించిన స్టడ్డు విఱుగుటయో, నడుమనున్న ప్యాకింగు కాలుటయో, పోతయినుము సన్నగా పగులుటయో జరుగును. చల్లగానున్నప్పుడు సందు తెఱచియుండును. వేడికి లోహము సాగగానే సందు మూసికొనును. చప్పుడు మానినది గాని రోగము మానలేదు.

ఇచ్చట నొక చిక్కు కలదు. ఇంజను పైభాగమున వాల్వులను కదపు టాపెట్లును ఇట్లే టిక్కుటిక్కు మనును. చమురు తక్కువైనప్పుడు మఱింత హెచ్చుగా అనును. ఈ రెంటిని వేఱుచేయుటకు మేము నమ్మిన గుఱుతు భారము. బండి ఎత్తు ఎక్కునప్పుడు, అనగా చుట్లు హెచ్చకయే ఇంజనుపై బరువు హెచ్చినప్పుడు, పొగ కాఱుచున్న చప్పుడు పెద్దదగును. టాపెట్ల చప్పుడు చుట్లనే అనుసరించును. ఎత్తును పల్లమును అంతగా లెక్కచేయదు. మఱియు వాయువు కాఱుచోట ఇనుముపై నల్లని మసి విసనకఱ్ఱవలె వ్యాపించియుండును. కన్ను చెవికి సాక్ష్యము పలుకును. అప్పటికిని సందేహమున్నచో, ఇంజను పూర్తిగా చల్లారినప్పుడు వెనుక గొట్టములోనికి వాక్యూము క్లీనరు ఊదు గాలిని పంపి, అతుకులపై సబ్బునీరు పూయవలెను. సైకిలు ట్యూబు పంక్చరును నీటిలో ముంచి చూచు బాలునకు ఇది క్రొత్త విద్య గాదు. బుడగ వచ్చినచోటనే రంధ్రము.

వెనుకవైపున గంభీరముగా ఉఱుమువలె వినబడు ధ్వనికి నూటికి తొంబదిపాళ్లు కారణము త్రుప్పు అని షెడ్డువారు అందురు. మేము లెక్క తీయలేదు గాని అనుభవము అట్లే యున్నది. ఆశ్చర్యమేమనగా, త్రుప్పు వానవలనను బురదవలనను వెలుపలనుండి పట్టునంతగా లోపలనుండియు పట్టును. ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిరూపమున పుట్టును. బండి చాల దూరము నడిచినచో సైలెన్సరు బాగుగా కాగి ఆ యావిరి అంతయు బయటికి పోవును. ఇంటినుండి బజారునకును, బజారునుండి ఇంటికిని రెండేసి మైళ్లు మాత్రము తిరుగు బండిలో ఆవిరి చల్లని సైలెన్సరులోనే నీరై నిలిచి, వాయువులోని ఆమ్లములను గలుపుకొని ఇనుమును తినివేయును. తక్కువ తిరిగిన బండి అని సంతోషించు పెద్దమనిషి సైలెన్సరు ఎక్కువ తిరిగిన టాక్సీ సైలెన్సరుకంటె ముందుగా చిల్లిపడుట ఇందువలననే. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణమువంటి తీరప్రాంతములలో ఉప్పుగాలి వెలుపలనుండి ఈ పనికి సాయపడును. చిల్లి చిన్నదైనచో వెల్డింగు కొంతకాలము ఆపును. చుట్టునున్న రేకు చిటికెన వ్రేలితో నొక్కిన దిగబడునట్లున్నచో, అతుకు వేయుట పాతగుడ్డకు క్రొత్తగుడ్డ కుట్టుటయే.

గలగలమను చప్పుడు వేఱు జాతి. ఇచ్చటనే రెండవ తెగవారు మోసపోవుదురు. మేమెఱిగిన ఒక గృహస్థుని బండి ఒక నిర్ణీత వేగమున మాత్రమే రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్లు మ్రోగెడిది. ఆయన సైలెన్సరు మార్పించెను. చప్పుడు పోలేదు. మధ్య గొట్టము మార్పించెను. అప్పటికిని పోలేదు. తుదకొక కుఱ్ఱ మెకానిక్కు బండిక్రింద పరుండి, గొట్టపు వేడి పైకి తగులకుండ బిగించిన పలుచని రేకు బోల్టు ఊడి, ఆ వేగమున గొట్టమును తాకుచున్నదని కనిపెట్టి, ఒక క్లాంపుతో బిగించెను. ప్రతి రేకునకును తన స్వంత కంపనసంఖ్య యొకటి యుండుననియు, ఇంజను దెబ్బల సంఖ్య దానితో కలిసినప్పుడే అది అదరుననియు పాఠ్యపుస్తకములో అనునాదము అను శీర్షిక క్రింద మనము చదువుచున్నాము. "ఒక్క వేగముననే మ్రోగుచున్నది" అను ఒక్క మాట ముందుగా చెప్పినచో ఆ గృహస్థుని డబ్బు మిగిలెడిది. మేము మెకానిక్కులను నిందింపజాలము. తెచ్చినవాడు "సైలెన్సరు మార్చుము" అనినప్పుడు వారు మార్చిరి.

గలగల గొట్టము లోపలనుండి వచ్చినచో సంగతి గురుతరము. మన దేశమున 1995 ఏప్రిలు 1వ తేదీనుండి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మదరాసు నగరములలో అమ్ము క్రొత్త పెట్రోలు కార్లకు కెటాలిటిక్ కన్వర్టరు ఉండవలెనని నియమించిరి. తరువాత అది దేశమంతటికిని వ్యాపించినది. తేనెపట్టువంటి పింగాణి గదులపై ప్లాటినము, పల్లాడియము, రోడియము అను అమూల్యలోహములను పూసి చేసిన సాధనమది. దానిలోని పింగాణి పగిలినచో ముక్కలు లోపల దొరలును. ఇంజను చల్లారిన పిమ్మట రబ్బరు సుత్తితో మెల్లగా తట్టినచో తెలియును. ఆ ముక్కలు అడ్డుపడినప్పుడు బండికి పికప్పు తగ్గి, ఎత్తులలో ఆయాసపడును. వేగనిరోధకములపై ఎక్కి దిగునప్పుడు మాత్రమే ధబ్బుమను చప్పుడునకు గొట్టమును వ్రేలాడదీయు రబ్బరు తెగుటయే కారణము. అది చౌకయైన పని, నేడే చేయించుకొనవలెను. సన్నని ఈల వినబడినచో ఎచ్చటనో సన్నని సందు గలదని యర్థము.

తుపాకి పేలినట్లు ఠప్పుమను ధ్వనికి పొగగొట్టము దోషము చాలవఱకు లేదు. సిలిండరులో మండవలసిన పెట్రోలు మండక గొట్టములోనికి వచ్చి, అచ్చటి వేడికి మండుటయే ఆ పేలుడు. స్పార్కు ప్లగ్గును, ఇగ్నిషను కాయిలును ముందుగా చూడవలెను. రేసు వదలినప్పుడు మాత్రమే చిటపటలాడినచో ఏదో యొక అతుకు వదులై బయటి గాలి లోపలికి పోవుచున్నదేమో విచారింపవలెను. ఆ గాలియే ఆక్సిజను సెన్సారును కూడ మోసగించును. లోపల ఆక్సిజను హెచ్చుగా నున్నదని అది చెప్పగా, కంప్యూటరు పెట్రోలు చాలలేదని భ్రమపడి మఱింత పోయును, మైలేజీ పడిపోవును. పెట్రోలు దొంగిలించుచున్నాడని డ్రైవరును అనుమానించు యజమానులు ఒకమాఱు బండిక్రింద చెవి యొగ్గిన బాగుండును. మండని పెట్రోలు కన్వర్టరులో మండినచో పింగాణియే కరగిపోవును. కావుననే ఇంజను గుర్తుదీపము మిణుకుమిణుకు మనినప్పుడు వేగము తగ్గించి బండి ఆపుమని తయారుచేసినవారు పుస్తకములో వ్రాయుదురు. ఆ పుస్తకమును చదువువారెందఱు?

ఇంతవఱకు చెప్పినది ధననష్టము. ప్రాణముల మాట యిక చెప్పవలెను. పెట్రోలు ఇంజను వదలు వాయువులో కార్బన్ మోనాక్సైడు కలదు. దానికి రంగులేదు, వాసనలేదు. రక్తములోని హీమోగ్లోబిను ఆక్సిజనును పట్టుకొనుదానికంటె రెండువందల రెట్లకు పైగా బిగువుగా దీనిని పట్టుకొనును. కొంచెము పీల్చినచో తలనొప్పి, వికారము, మత్తు. మఱికొంత పీల్చినచో నిద్ర. ఆ నిద్రనుండి మేల్కొనుట లేదు. మంచి కన్వర్టరు వేడెక్కిన పిమ్మట ఈ విషమును చాలవఱకు నిరపాయమైన వాయువుగ మార్చును. ఇప్పుడు చదువరులు ఆ ప్రొద్దుటి టిక్కుటిక్కును మరల తలచుకొనవలెను. ఇంజను చల్లగానున్నప్పుడు పెట్రోలు పాలు హెచ్చు, కావున విషమును హెచ్చు. కన్వర్టరు ఇంకను చల్లగానుండి పనిచేయదు. పైగా ఆ సందు కన్వర్టరుకంటె ముందున్నది, అనగా అచ్చట కాఱు వాయువు శుద్ధియగుటకు అవకాశమే లేదు. వాయువు కాఱుచోటు బండిలోనికి గాలిని లాగు మార్గమునకు సమీపము. విషము అత్యధికముగానున్న ఆ పది నిమిషములలోనే సందు తెఱచియుండుట, ఆ పిమ్మట మూసికొనుట! "వేడెక్కినచో అదియే పోవును" అను మాట ఎంత ప్రమాదకరమో ఇప్పుడు తేటపడును.

వెనుక చిల్లియు నిరపాయము గాదు. బండి నడచునప్పుడు దాని వెనుక గాలి యొత్తిడి తగ్గును; డిక్కీ తలుపు తెఱచి సామాను కట్టి తీసికొనిపోవునప్పుడు పొగ ఆ ఖాళీలోనికి, అచ్చటనుండి బండిలోనికి వచ్చును. కారు గదిలో తలుపులు మూసి ఇంజను నడుపుట, నిలిపిన బండిలో అద్దములు మూసి చల్లగాలి యంత్రము వేసికొని నిద్రించుట, ఈ రెండును మంచి బండిలోనే తగవు. పొగ కాఱు బండిలో అవి ఆత్మహత్యతో సమానము. ప్రయాణములో బండిలోనివారందఱకు ఒక్కసారి తల నొచ్చి, క్రిందికి దిగి గాలి పీల్చుకొనగానే తగ్గినచో, అది ఎండదెబ్బ యనియు పైత్యమనియు అనుకొనక బండిని అనుమానింపవలెను.

మూడవ తెగవారికి చెప్పవలసినది కొంచెము మిగిలినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను క్రింద ధ్వని నియమములను మీఱినవారికి, 2019లో చేసిన సవరణ ప్రకారము, తొలి తప్పునకే మూడు నెలలవఱకు చెఱయో, పదివేల రూపాయలవఱకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. లైసెన్సు మూడు నెలలు నిలిచిపోవును. చట్టభయమునకు లోబడనివారు కొందఱుందురని మేమెఱుగుదుము. ఆసుపత్రి వీధిలోని రోగుల మాటయు, పరీక్షకు చదువు పిల్లల మాటయు వారికి పట్టదనుకొందము. వారి లాభము మాటనే చెప్పెదము. తన బండిని తానే మ్రోగించువానికి బండి చెప్పునది వినబడదు. ప్యాకింగు కాలినను, ప్లగ్గు చెడినను, ఆ హోరులో అన్నియు కలిసిపోవును. కన్వర్టరునే తీయించివేసినవాడు పైని చెప్పిన విషమునకు తలుపు తెఱచి, అది వచ్చిన యడుగుల చప్పుడును గూడ తుడిచివేసినాడు.

విద్యుత్తుతో నడుచు బండ్లు వచ్చుచున్నవి గదా, ఈ గొడవ యంతయు ఇంక నెన్నాళ్లని కొంద ఱనవచ్చును. వానికి పొగగొట్టమే లేదు. అవి మిక్కిలి నిశ్శబ్దముగ నుండుటచే పాదచారులకు వినబడవని, మెల్లగా పోవునప్పుడు కృత్రిమధ్వని చేయవలెనని 2019 నుండి ఐరోపాలో నియమము చేసిరి. చప్పుడు లేకపోవుటయు నొక లోపమైనది! అయినను నేడు మన రోడ్లపై పెట్రోలు డీజిలు బండ్లే హెచ్చు. ఇంకను చాల యేండ్లు అవి తిరుగుచునే యుండును.

వానిలో మనకు ముఖ్యమైనవి పిల్లలను బడికి తెచ్చు వ్యానులు. చిన్న వ్యానులు కొన్ని పెట్రోలుతోనో గ్యాసుతోనో నడుచును. కొన్నింటికి ఇంజను ముందుసీటు క్రిందనే యుండును. వానలో చలిలో అద్దములన్నియు మూసి, పిల్లలను క్రిక్కిఱిసి కూర్చుండబెట్టి నడుపుదురు. పెద్దవానికి తలనొప్పియగు వాయువు చిన్నవానికి త్వరగా మత్తు కలిగించును. కావున ప్రతి పాఠశాలయు నెలకొకమాఱు తెల్లవారుజామున, ఇంజను ఇంకను చల్లగానుండగా, వ్యానును ఆటస్థలమున నిలిపి, చేతిబ్రేకు వేయించి, స్టార్టు చేయించి వినవలెనని మా సూచన. ఫిజిక్సు ఉపాధ్యాయుడు ఒకడు, పై తరగతి విద్యార్థులు ఇద్దఱు చాలుదురు. ఒకడు ముందు, ఒకడు ప్రక్కన, ఒకడు వెనుక, వేడి గొట్టమునకు దూరముగా నిలిచి అయిదు నిమిషములు వినవలెను. రేసు ఇచ్చినప్పుడును వదలినప్పుడును ఏమి మాఱినదో చూడవలెను. విన్నది యొక నోటుపుస్తకమున వ్రాయవలెను: తేది, చల్లగానా వేడిగానా, ముందా నడుమనా వెనుకనా, టిక్కా గలగలయా ఉఱుమా. వ్యాను షెడ్డునకు పోవునప్పుడు ఆ పుస్తకమును డ్రైవరు చేతికిచ్చి పంపవలెను.